పొయ్యి దగ్గర ఏది నిలుస్తుంది, ఏది ఊడుతుంది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో కట్టెల పొయ్యి గురించినవే ఎక్కువ. కార్తీక వనభోజనాల్లో తిన్న రుచి మరిచిపోలేక పెరట్లో పొయ్యి పెట్టుకున్నవాళ్లు కొందరు, వ్యాపారం కోసం పెట్టినవాళ్లు కొందరు. అందరి గోలా ఒకటే, ఏదో అతికించాం, అది ఊడింది. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

తాడేపల్లిలో ఇల్లు కట్టుకుని పెరట్లో షెడ్డు కింద కట్టెల పొయ్యి పెట్టించాను. గోడకి మసి అంటకుండా ఉంటుందని వంటింట్లో మిగిలిన విట్రిఫైడ్ టైల్సు పొయ్యి వెనక వేయించాను. మేస్త్రీ టైల్ గమ్ముతోనే వేశాడు. రెండు నెలలు తిరక్కుండా మధ్యలో నాలుగు టైల్సు ఊడిపడ్డాయి, అదృష్టం బాగుండి పులుసు గిన్నెలో పడలేదు. షాపాయన "ఈసారి ఎపాక్సీ పెట్టించండి, చచ్చినా ఊడదు" అంటున్నాడు. పెట్టించమంటారా?
– ఒక గృహిణి, తాడేపల్లి

వద్దమ్మా. షాపాయన అబద్ధం చెప్పలేదు, మామూలు గోడకైతే ఆయన మాట నిజమే. కానీ మామూలు ఎపాక్సీ 60, 80 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలెడుతుంది. కట్టెల మంటలో వేడి 800 నుంచి 1000 డిగ్రీల దాకా పోతుంది. అదంతా గోడకి తగలదు, ఒప్పుకుంటాను, కానీ పొయ్యిని గోడకి ఆనించినట్టు పెట్టి మంట వెనక్కి నాకుతుంటే టైలు మీద అరచెయ్యి ఆనించి ఉంచగలరేమో చూడండి. ఉంచలేకపోతే ఎపాక్సీకి కూడా అక్కడ పని లేనట్టే.

మేస్త్రీని తిట్టుకోకండి, తప్పు ఆయనది కాకపోవచ్చు. విట్రిఫైడ్ టైలు దాదాపుగా నీళ్లు పీల్చదు, అందుకే వట్టి సిమెంటు దాన్ని సరిగ్గా పట్టదు. ఆ పట్టు కోసమే టైల్ గమ్ములో పాలిమర్, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థం, కలుపుతారు, వేడికి ముందుగా పోయేది ఆ పాలిమరే. దానికి తోడు టైలు ఒక లెక్కన, గోడ ఇంకో లెక్కన వ్యాకోచిస్తాయి, పొయ్యి వెలిగించినప్పుడల్లా ఇదే తంతు. మంటకి ఎదురుగా ఉన్నవి కాబట్టి మధ్యలోవే ముందు ఊడాయి.

అసలు పొయ్యి పక్కన బరువు మోసే పని జిగురుకి అప్పగించకూడదు. బరువు ఇటుక మీదో, బోల్టు మీదో పడాలి, జిగురైనా సిమెంటైనా సందులు మూయడానికి మాత్రమే. ఇది ఒప్పుకుంటే మీ ముందు రెండు దారులున్నాయి.

మొదటిది రేకు. మిగిలిన టైల్సు తీయించేసి, గోడకి 25 మిల్లీమీటర్ల ఎడంగా స్టెయిన్‌లెస్ స్టీల్ షీటు బిగించండి. కిందా పైనా ఖాళీ వదలాలి, చల్లగాలి కింద నుంచి దూరి వేడెక్కి పై నుంచి పోతుంది, గోడని కాపాడేది రేకు కంటే ఆ గాలే. చాలామంది ఈ ఖాళీ చూసి "బొద్దింకలు చేరతాయి" అని చుట్టూ సిలికాన్ కొట్టించేస్తారు, దాంతో పెట్టిన ఖర్చంతా బూడిదలో పోసినట్టే. ఎడం కోసం మధ్యలో పెట్టే దిమ్మలు ఇనుప గొట్టం ముక్కలై ఉండాలి, చెక్క ముక్కలో ప్లాస్టిక్ వాషర్లో కాదు, పైగా అవి పొయ్యికి సరిగ్గా వెనకాల కాకుండా అంచుల వైపు ఉండాలి, లేకపోతే వేడి వాటిలోంచి నేరుగా గోడలోకి వెళ్తుంది. గోడలోకి మరలు బిగించేటప్పుడు మామూలుగా వాడే ప్లాస్టిక్ ప్లగ్గులు ఇక్కడ పనికిరావు, మెత్తబడి మరని వదిలేస్తాయి. లోహపు యాంకర్ బోల్టులే అడగండి. ఇంకో మాట, షీటుకి వేసే రంధ్రాలు బోల్టు కంటే కాస్త పెద్దవిగా, అడ్డంగా కోలగా ఉండాలి. 4 అడుగుల స్టెయిన్‌లెస్ షీటు 150 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, దానికి చోటు లేకపోతే పొంగి డబడబా శబ్దం చేస్తుంది.

రెండోది ఫైర్ బ్రిక్, అంటే మంటకి తట్టుకునే ఇటుక. గోడకి అతికించకుండా, గోడ ముందు నేల మీద నిలబడేలా చిన్న ఇటుక గోడ కట్టించడం. ఐఎస్ 6 రకం ఇటుక ఇంటి పొయ్యికి బోలెడు. ఫైర్ క్లేని, అంటే వేడికి తట్టుకునే బంకమట్టిని, పల్చగా కలిపి, అతుకు 2, 3 మిల్లీమీటర్లకి మించకుండా పేర్చాలి. మేస్త్రీలు అలవాటు కొద్దీ మామూలు గోడకి వేసినట్టు అంగుళం మందం మాలు వేస్తారు, దగ్గరుండి చూసుకోండి. ఫైర్ క్లే ఇంటి పొయ్యి వేడికి పూర్తిగా కాలి రాయిలా మారదు, గోకితే పొడి రాలుతుంది, కంగారు పడక్కర్లేదు, ఇటుకలు తమ బరువుకి తామే నిలబడతాయి. ఖర్చు ఎక్కువైనా నా ఓటు దీనికే. రేకు మసి తోముకోలేక మీరే విసుక్కుంటారు.

ఒక హెచ్చరిక కూడా. అందంగా ఉన్నాయని కృష్ణలోంచి ఏరుకొచ్చిన గుండ్రాళ్లు పొయ్యి చుట్టూ పేర్చొద్దు. లోపల చెమ్మ ఉంటే అది ఆవిరై 1,600 రెట్లకి పైగా వ్యాకోచిస్తుంది, రాయి పగిలి ముక్కలు మొహం మీదికొస్తాయి. గ్రానైట్ పలకని కూడా మంట తగిలే చోట పెట్టొద్దు, అందులోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఉబ్బుతుంది.

ఇనుప పొయ్యికి సన్నటి పగులు వచ్చింది. ఆటోనగర్‌లో సైలెన్సర్‌కి పూసే పేస్టు దొరుకుతుంది, అది పూయొచ్చా?
– ఒక పాఠకుడు, పటమట

వెంట్రుకవాసి పగులైతే పూయొచ్చు. చాలావరకు అది సోడియం సిలికేటు అనే గాజు లాంటి పదార్థంతో చేసినదే, వేడికి గట్టిపడుతుంది. ముందు తుప్పు, మసి వైరు బ్రష్షుతో పూర్తిగా గోకాలి. పగులు రోజురోజుకీ సాగుతుంటే మాత్రం పేస్టుతో కాలక్షేపం చేయకుండా వెల్డర్ దగ్గరికి వెళ్లండి, పోత ఇనుమైతే ఆ సంగతి ముందే చెప్పండి, దానికి వాడే రాడ్డు వేరు.

మాది ఆటోనగర్ దగ్గర మెస్. మధ్యాహ్నం బిర్యానీ కట్టెల మీదే. పొగగొట్టం జీఐ రేకుతో చేయించి, ముక్కల్ని అల్యూమినియం రివెట్లతో కలిపి, పైన వెండిరంగు టేపు చుట్టించాం. నెలలోనే టేపు ఊడి వేలాడుతోంది. అతుకుల్లోంచి నల్లటి జిడ్డు కారుతోంది. పొగ లోపలికే కొడుతోంది. ఎర్ర సిలికాన్ పూస్తే అన్నీ సర్దుకుంటాయని పనివాడు అంటున్నాడు.
– మెస్ యజమాని, విజయవాడ

మీరు అడిగింది సిలికాన్ గురించే, కానీ నన్ను భయపెట్టింది ఆ జిడ్డు. సరిగ్గా ఆరని కట్టె కాల్చినప్పుడు పొగలో ఉండే తారు చల్లటి గొట్టానికి అంటుకుని పేరుకుంటుంది. అది ఏదో ఒకరోజు గొట్టంలోనే అంటుకుంటే ఆ మంటని ఆపడం మీ వల్ల కాదు. కాబట్టి ఏ అతుకూ ముట్టుకోకముందే గొట్టం విప్పి మొత్తం గోకించండి. కట్టె సరుగుడైనా తుమ్మైనా పచ్చిది వాడకండి, వానాకాలంలో తడవకుండా షెడ్డు కింద పేర్పించండి.

జిడ్డు బయటికి కారుతోందంటే గొట్టం ముక్కలు తిరగేసి బిగించారని అర్థం. పై ముక్క కింది చివర, కింది ముక్క లోపలికి దిగాలి. అప్పుడు కారేది ఏదైనా లోపల నుంచే పొయ్యిలోకి పోయి కాలిపోతుంది. మన దగ్గర రేకు పనివాళ్లు వాన నీటి గొట్టాలు చేసిన అలవాటుంటే ఇది సరిగ్గానే పెడతారు, కానీ పొగ పైకి పోతుంది కదా అని ఆలోచించి కొందరు తిప్పేస్తారు. నిజానికి గొట్టం బాగా లాగుతుంటే అతుకు దగ్గర సందున్నా పొగ బయటికి రాదు, బయటి గాలే లోపలికి పోతుంది. మీకు పొగ లోపలికి కొడుతోందంటే గొట్టం పూడుకుపోయైనా ఉండాలి, ఎత్తు చాలకైనా ఉండాలి. సిలికాన్‌తో తీరే జబ్బు కాదిది.

ఇక సామాన్ల సంగతి. వెండిరంగు టేపులో రేకు అల్యూమినియమే, కానీ దాన్ని పట్టి ఉంచేది వెనక ఉన్న అక్రిలిక్ జిగురు, చాలా టేపుల్లో అది 150 డిగ్రీల లోపే చేతులెత్తేస్తుంది. ఏసీ డక్టులకి చేసిన టేపు అది. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గరైనా 200 దాటేసరికే బలం బాగా తగ్గిపోతుంది, రివెట్లు అందుకే వదులవుతాయి. ప్రతి అతుకుకీ స్టెయిన్‌లెస్ మరలు మూడు, చుట్టూ సమాన దూరంలో బిగించండి, టేపు అవసరమే ఉండదు. జీఐ రేకు మీద పూత జింకు, అది 419 డిగ్రీలకే కరుగుతుంది, ఇంకా వేడెక్కితే వచ్చే పొగ పీల్చినవాళ్లకి జ్వరం తగులుతుంది, వెల్డింగ్ చేసేవాళ్లని అడిగితే చెబుతారు. పొయ్యికి ఆనుకున్న మొదటి ముక్కైనా మందపాటి నల్ల ఇనుప గొట్టమో, 304 స్టెయిన్‌లెస్సో వేయించండి. 304 అని చెప్పి చవక రకం 202 అంటగట్టేవాళ్లున్నారు, అయస్కాంతం పెట్టి చూస్తే తేలుతుందనుకుంటారు గానీ రెండిటికీ అయస్కాంతం దాదాపుగా అంటుకోదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. బోల్టులు వాడితే మర మీద కాపర్ పేస్టు పూసి బిగించండి, లేకపోతే స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ బోల్టునే పట్టేసుకుని తర్వాత కోస్తే తప్ప రాదు.

అతుకుల్లో నింపడానికి ఫైర్ సిమెంట్, అంటే మంటకి తట్టుకునే పేస్టు, తీసుకోండి, మంచివి 1200 డిగ్రీల పైనే ఓర్చుకుంటాయి. డబ్బా కొనేటప్పుడు మూత తీయించి వేలితో నొక్కండి, మన ఎండలకి షాపులోనే గట్టిపడిపోయినవి అమ్ముతుంటారు. పూసిన రోజే బిర్యానీ దించాలని చూడొద్దు. ఒక రోజు ఆరనిచ్చి, తర్వాత చితుకులతో చిన్న మంటలు పెట్టి మెల్లగా కాలనివ్వాలి. తొందరపడితే లోపలి తడి ఆవిరై బుడగలు లేచి పెళ్లలు ఊడతాయి.

మరి ఎర్ర సిలికాన్? ఉంది దానికీ చోటు. గొట్టం కప్పు దాటే దగ్గర వాన నీళ్లు కారకుండా పూయడానికి బాగుంటుంది, అదీ ఆ ఎత్తులో గొట్టం మరీ వేడిగా లేకపోతేనే. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండే 300 లాంటి అంకె సాధారణంగా కాసేపటికి మాత్రమే ఓర్చుకునే వేడి, నిలకడగా ఓర్చుకునేది దానికంటే తక్కువ, వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది చదవండి. మీ కప్పు తాటాకుదా, రేకులదా రాయలేదు. తాటాకైనా, ప్లాస్టిక్ సీలింగైనా ఒంటి పొర గొట్టానికి చుట్టూ కనీసం 18 అంగుళాలు ఖాళీ ఉండాలని అమెరికాలోని అగ్నిప్రమాద నివారణ సంస్థ ఎన్ఎఫ్‌పీఏ వాళ్ల 211 ప్రమాణం చెబుతుంది, మన తాటాకుకి అంతకంటే ఎక్కువే వదలమంటాను. ఇవన్నీ అయ్యేదాకా మెస్ తలుపులు, కిటికీలు మూసి పొయ్యి వెలిగించకండి. పొగ కంటికి కనబడుతుంది, దాంతో వచ్చే కార్బన్ మోనాక్సైడ్ కనబడదు, వాసనా రాదు.

మా అత్తగారికి మట్టి పొయ్యే కావాలట. పొలం మట్టి తెప్పించి వేస్తే ఎండేలోపే బీటలిచ్చింది. సిమెంటు పూస్తే అదీ పొడిపొడిగా రాలిపోతోంది. ఏం కలపాలి?
– ఒక కోడలు, నల్లపాడు, గుంటూరు

మీ అత్తగారినే అడిగి ఉంటే పొలం మట్టి వద్దనేవారు. గుంటూరు చుట్టుపక్కల పొలాల్లో ఎక్కువగా ఉండేది నల్లరేగడి, పత్తికీ మిర్చికీ బంగారం, పొయ్యికి మాత్రం శత్రువు. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుని చీలిపోతుంది. పుట్టమన్నో ఎర్రమట్టో తెప్పించండి. అందులో ఇసుక, ఊక, కాస్త పేడ కలిపి బాగా తొక్కి ఒక రాత్రి నాననివ్వండి. ఎంత ఇసుక అంటే లెక్క చెప్పలేను, మట్టిని బట్టి మారుతుంది. ఇసుక పాళ్లు మారుస్తూ నాలుగైదు ముద్దలు చేసి నీడలో ఆరబెట్టండి, పగలకుండా, పొడి రాలకుండా ఉన్న ముద్ద ఏదో అదే మీ కొలత. ఊక ఊరికే కలపరు. మట్టి ఆరేటప్పుడు పీచులా పట్టి ఉంచుతుంది, మంట పెట్టాక కాలిపోయి సన్నటి గుల్లలు వదులుతుంది, ఆ గుల్లల వల్ల పొయ్యి వేడిని నిలుపుకుంటుంది, పగులు వచ్చినా సాగదు.

సిమెంటు రాలడం సహజమే. మామూలు సిమెంటు 300 డిగ్రీలు దాటితే బలం కోల్పోతూ వస్తుంది, 400 పైన అందులోని సున్నం తన నీటిని వదిలేస్తుంది, తర్వాత వాన గాలికి చెమ్మ పీల్చి మళ్లీ ఉబ్బుతుంది. మంట తగిలే చోట సిమెంటు అసలు వద్దు.

కడ్డీలు అమర్చేటప్పుడు ఒక చిట్కా. అడుగు పొడవు ఇనుప కడ్డీ 600 డిగ్రీలు వేడెక్కితే 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాన్ని మట్టిలో బిగించి పాతితే ఆ పెరిగినంత మేరా గోడని తోస్తుంది, మీ పొయ్యి మూలల్లో పగిలేది అందుకే. కడ్డీ రెండు చివరలకీ పాత అట్టముక్క చుట్టి పాతండి. మొదటి మంటకి అట్ట కాలిపోయి కడ్డీకి కదిలే చోటు మిగులుతుంది. ఆ తర్వాత సన్న బీటలకి వారానికోసారి ఎర్రమట్టి అలుకు చాలు, ఆ పని అత్తగారికి వదిలేయండి, ఆవిడకి ఇష్టమే అయ్యుంటుంది.

మా నాన్నగారి నాటి రాగి బాయిలర్ అడుగున కారుతోంది. రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ పెట్టాను. వారం ఆగి మళ్లీ కారింది.
– రిటైర్డ్ టీచర్, బ్రాడీపేట, గుంటూరు

మాస్టారూ, నీళ్లున్నంతసేపూ రాగి వేడి 100 డిగ్రీలకి అటూ ఇటూగానే ఉంటుంది, కానీ మీరు ముద్ద పెట్టింది బయట, నిప్పులు తగిలే వైపు. అది నిలవదు. దానికి మాటే, అంటే లోహం కరిగించి వేసే అతుకే, వేయించాలి. పాత అతుకులు తగరం, సీసం కలిపిన మాటైతే అది 190 డిగ్రీల లోపే కరగడం మొదలెడుతుంది, నీళ్లు పోయకుండా ఒక్కసారి వెలిగించినా చాలు, కారిపోతుంది. 600 డిగ్రీల పైన కరిగే సిల్వర్ బ్రేజింగ్, అంటే వెండి కలిసిన లోహంతో వేసే అతుకు, మేలు, కానీ పనివాడు మంట పెట్టేటప్పుడు పక్కనున్న పాత మాటు కరిగి ఊడుతుంది, కాబట్టి అడుగు అతుకు మొత్తం చేయించండి, చిల్లు ఒక్కటే పూడ్పించకండి.

మళ్లీ కారకుండా ఉండాలంటే లోపల చూడండి. బోరు నీళ్లయితే అడుగున తెల్లటి గార పెచ్చులా కట్టి ఉంటుంది. ఆ గార వల్ల వేడి నీళ్లకి చేరదు, రాగి అక్కడే కాలిపోతుంది, మాటు వదిలేస్తుంది. నిమ్మఉప్పు కలిపిన వేడినీళ్లు పోసి నానబెట్టి కడిగించండి. మాటులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ నీళ్లు స్నానానికే, వంటకి వద్దు. మూత గట్టిగా బిగించే ప్రయత్నం కూడా చేయకండి, ఆవిరి పోయే దారి ఉండాలి.

మా అమ్మాయి వాళ్లు అమెరికాలో చలి ప్రాంతంలో అద్దెకి ఉంటున్నారు. ఇంట్లో అద్దం తలుపున్న ఇనుప కట్టెల పొయ్యి ఉంది. తలుపు చుట్టూ ఉన్న తాడు ఊడిపోతోందని వీడియో కాల్‌లో చూపించింది. మన వన్‌టౌన్‌లో ఆస్బెస్టాస్ తాడు దొరుకుతుంది, కొని పంపమంటారా?
– ఒక తండ్రి, విజయవాడ

పంపకండి. ఆస్బెస్టాస్ ఏ రకమైనా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది, దాన్ని చేతులారా మనవల ఇంట్లోకి పంపడమెందుకు? అక్కడ స్టవ్ షాపుల్లో గ్లాస్ ఫైబర్ తాడు దొరుకుతుంది, 500 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, తలుపుకి అది చాలు. ఇల్లు అద్దెది కాబట్టి ముందు ఓనరుకి చెప్పమనండి, చాలాసార్లు వాళ్లే మార్పిస్తారు. పొయ్యి బాగా పాతదై, తాడు ఏ రకమో తెలియకపోతే గోకొద్దనండి, ఆ దుమ్ము లేవకూడదు, తెలిసినవాళ్లని పిలిపించాలి.

తానే మార్చుకుంటే ముఖ్యం తాడు లావు. మిల్లీమీటరు తేడా వచ్చినా తలుపు పడదు, లేదా వదులుగా ఉంటుంది, అందుకే పొయ్యి మోడల్ చూసి కొనాలి. పాత జిగురు గాడిలోంచి పూర్తిగా గోకి, కొత్త తాడుకి అమ్మే సోడియం సిలికేటు జిగురు సన్నగా గీతలా పెట్టి, తాడుని లాగకుండా వదులుగా పరుచుకుంటూ పోవాలి. లాగి అతికిస్తే సన్నబడుతుంది. రెండు కొసలూ కలిసే చోటు తలుపు కింది వైపు కాకుండా మడతబందుల వైపు రానివ్వాలి. తలుపు మూసి ఒక రోజు వదిలేసి, మర్నాడు చిన్న మంటతో మొదలుపెట్టాలి.

సరిగ్గా పడిందో లేదో తేల్చడానికి ఒక డాలర్ నోటు తలుపు సందులో పెట్టి మూసి లాగి చూడమనండి. బిగువుగా పట్టుకుంటే సరే, జారి వచ్చేస్తే ఆ చోట గొళ్లెం బిగించాలి, అప్పటికీ కాకపోతే తాడు సన్నదని అర్థం. చుట్టూ పది పన్నెండు చోట్ల చూడాలి, ముఖ్యంగా మూలల్లో. పనిలో పనిగా పొయ్యి చుట్టూ సోఫా, కర్టెన్లు ఎంత దూరంలో ఉన్నాయో వీడియోలో చూపించమనండి. ప్రత్యేకంగా వేరే దూరం రాసి లేని పొయ్యికి 36 అంగుళాలు అక్కడి లెక్క.